ఎడమచేతి ముడి

టిఫిను బల్ల మీద పన్నెండు రాకెట్లు దబదబా పడ్డాయి. ఇడ్లీ గిన్నె ఒరిగింది. పల్లీల పచ్చడి ఎగిరి జీవరాజు తెల్లచొక్కా మీద చిందింది. ప్రార్థన ముగించి, ఆమెన్ అని కళ్ళు తెరిచిన మనిషికి ఎదురుగా ఆ కుప్ప, కుప్ప వెనక అక్క కాంతమణి.

"చూడు తమ్మీ. కండ్లు తెరిచినవు గదా, మంచిగ చూడు."

పన్నెండు రాకెట్లకూ గట్, అదే తీగల అల్లిక, నట్టనడుమ కోసి ఉంది. మూడు రోజులు మెడ ఎత్తకుండా కూర్చుని ఆమె బిగించిన కొత్త గట్. తెగిన కొసలు దువ్వెన చూడని జుట్టులా లేచి నిలబడ్డాయి.

"ఎవరు కోసిండ్రు?" అన్నాడు జీవరాజు.

"నన్నడుగుతవేంది? నీ బిడ్డను అడుగు."

మేబెల్ మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తూ చెప్పింది. యాప్రాల్‌లో జీవరాజు పేరు మీద కట్టిన టెన్నిస్ అకాడమీకి ఆఫీసు పనులన్నీ చూసుకునేది ఆ పిల్లే. గురువారం టీవీలో డాడీ ఇంటర్వ్యూ వచ్చింది. శుక్రవారం పొద్దున పిల్లల తల్లిదండ్రులు కొత్త గట్ చూసి, ఎవరు వేశారని అడిగారు. మా అత్త అని చెప్పింది. ఆ అత్తేనా అని ఒకావిడ నవ్వింది. ఒకాయన నవ్వలేదు. గట్ తెగిపోయే చేతికి మా వాడి రాకెట్ ఎలా ఇచ్చారని కమిటీ వాళ్ళను నిలదీశాడు. కమిటీ వాళ్ళేమో అప్పటికే బొంబాయి నుంచి గట్ బిగించే ఒక మెషిన్నీ, దాంతోపాటు ఒక మనిషినీ పిలిపించి పెట్టుకున్నారు. ఇంకొకరి గట్‌కు తాను పూచీ పడనని ఆ మనిషి కత్తెర అడిగాడు.

"కత్తెర ఎవరిచ్చిండ్రు?" అంది కాంతమణి.

మేబెల్ గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పింది.

"చెప్పు బిడ్డా. కత్తెర ఎవరిచ్చిండ్రు?"

"నా టేబుల్ మీదనే ఉండె అత్తా."

కాంతమణి ఒక రాకెట్ తెగిన కొసలను వేలితో దువ్వింది. అది చూసి మేబెల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గురువారం టీవీలో జీవరాజు చెప్పింది కొత్త సంగతేమీ కాదు. సికింద్రాబాద్‌లో ఆ కథ తెలియని వాళ్ళు లేరు. ఇరవై మూడేళ్ళ కింద, డెబ్బై మూడు డిసెంబరులో, మన ఊళ్ళో పెట్టిన పెద్ద పోటీ ఫైనల్లో జీవరాజు ఒక ఆస్ట్రేలియా వాడితో ఆడాడు. ఐదో సెట్టు. గెలుపు ఒక్క పాయింటు దూరంలో ఉంది. జీవరాజు ఎగిరి కొట్టాడు. ఠప్పున గట్ తెగింది. బంతి నెట్‌లో పడింది. రాకెట్ మార్చుకున్నాడు కానీ చెయ్యి చల్లబడిపోయింది, ఆట చేజారింది.

పేపరు వాళ్ళు చుట్టుముట్టి ఏమైందంటే, మనిషి ఏడవలేదు. నవ్వాడు. "మా అక్క వేసింది సార్ ఆ గట్. ఒక చేత్తో గట్, ఒక చేత్తో పప్పు తాళింపు. పప్పు మాత్రం మస్తు కుదిరింది," అన్నాడు.

ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వే అతన్ని ఇంటింటి మనిషిని చేసింది. గెలిచినవాణ్ణి జనం మెచ్చుకుంటారు. ఓడిపోయి నవ్వించినవాణ్ణి ఇంటికి పిలిచి అన్నం పెడతారు. ఆ తరువాత ఏడెనిమిదేళ్ళు మనీలా, బ్యాంకాక్, టెహరాన్ తిరిగి డబ్బుకు ఆడాడు, పెద్దపెద్ద పేర్లున్న వాళ్ళను ఓడించాడు. బేగంపేట విమానాశ్రయంలో దిగితే దండలు మెడ దాటి చెవులు మూసేవి. ఆట మాని పదిహేనేళ్ళయినా ఆటోవాళ్ళు మీటరు వేయరు. స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో గల్లాపెట్టె పైన అతని ఫొటోకు రోజూ దుమ్ము తుడుస్తారు. ఆ ఫైనల్ మరుసటి ఏడాది పుట్టిన మగపిల్లల్లో జీవరాజులు ఎందరో. ఎక్కడ మైకు ఇచ్చినా అడిగేది మాత్రం ఆ ఒక్క కథే. బ్యాంకాక్ ఎవరికీ గుర్తు లేదు. పప్పు తాళింపు అందరికీ గుర్తే.

ఆ పప్పు తాళింపు ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. భర్త యెషయా పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లోనే, వెనక గదిలో గట్ వేసుకుంటూ బతుకుతోంది. ఆ విద్య తండ్రి జకర్యాది. క్లబ్బులో పెద్దమనుషులతో బంతులాడి, ఆట నేర్పి, వాళ్ళ రాకెట్లకు గట్ బిగించి ఇచ్చే మనిషిని మార్కర్ అంటారు. జకర్యా ముప్ఫై ఏళ్ళు మార్కర్. చర్చి హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి, "గట్ మీటితే గిదే పలుకాలె బిడ్డా" అని కూతురికి బిగువు నేర్పాడు.

"అది తమాషాకు చెప్పే మాట అక్కా," అన్నాడు జీవరాజు చొక్కా తుడుచుకుంటూ. "నీ మీద ప్రేమ లేక చెప్తనా? జనం నిన్ను ఎంత అభిమానంగ అడుగుతరో తెలుసా? గట్ అక్క ఎట్లుంది అంటరు."

"అభిమానం బల్ల మీదున్నది. లెక్కపెట్టుకో."

"కమిటీ వాళ్ళతోని నేను మాట్లాడ్తా."

"కమిటీతోని నాకు పని లేదు. గట్ తెగింది. తప్పు నాదే. ఎన్నడన్న కాదన్ననా? ఆ రాత్రి నేనెంత ఏడ్చిన్నో నీకు తెల్వది. ఒక్కసారి తెగినదానికి ఇరవై మూడేండ్లు నన్ను మైకుల ఊరేగించినవు. సాలు. రేపు అకాడమీ తెరిచేటప్పుడు ఆ కథ చెప్పకు. గంతే అడుగుతున్న."

జీవరాజు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ ఇంటి కథ ఇంకోలా ఉండేది. అతను నవ్వాడు. మైకు ముందు నవ్వే నవ్వే అది.

"నేను చెప్పకున్నా వాళ్ళే అడుగుతరు అక్కా. అది లేకుంటే నేనెవరు?"

అతని భార్య ప్రేమమణి వంటింటి గుమ్మంలోంచి కల్పించుకుంది. రేపు ఊరంతా వస్తోందనీ, ఇలాంటప్పుడు పాత సంగతులు తవ్వుకోవడం ఎవరికీ మంచిది కాదనీ మెల్లగా మొదలుపెట్టి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తది వదినా," అంది.

"చించుతున్నది నేను కాదు ప్రేమమణీ. మైకు పట్టుకొని చించుతున్నది నీ మొగుడు. నావి కాళ్ళు మాత్రమే."

పోయిన నెల మొదటి ఆదివారం సంస్కారం ఇచ్చేటప్పుడు చర్చిలో అందరూ లేచి రొట్టె ద్రాక్షారసం తీసుకోవడానికి ముందుకు వెళ్తే, కాంతమణి బెంచీ మీదే కూర్చుంది. మనసులో తోబుట్టువు మీద పగ ఉంచుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. పాస్టరమ్మ దగ్గరి నుంచి పూలు అమ్మే సువార్త దాకా అందరూ చూశారు. జీవరాజు మాత్రం చూడలేదు. వెనక బెంచీ వాళ్ళకు సంతకాలు పెడుతున్నాడు.

ఇప్పుడు టిఫిను బల్ల దగ్గర, పోనీలే అన్నట్టు, అక్కను సముదాయిద్దామని, జీవరాజు ఇంకొక మాట అన్నాడు. అనకుండా ఉండవలసింది.

"నాయిన పేరు మీద గది పెడుతున్నం గదా. ఆ పాత రాకెట్‌ను సుత అండ్ల అద్దాల పెట్టెల పెడ్తున్నరు. తెగిన గట్ తీయొద్దన్నరు కమిటీ వాళ్ళు. అట్లనే ఉంటే జనం చూస్తరట."

కాంతమణి చెయ్యి బల్ల అంచు మీద ఆగిపోయింది.

"యాడున్నది అది?"

"వడ్ల చారి దగ్గర. పాలిష్‌కు ఇచ్చిన."

ఆమె చెప్పులు వేసుకుని, కొంగు బిగించి, వెళ్ళిపోయింది. పన్నెండు రాకెట్లూ ఇడ్లీల మధ్య అలాగే పడి ఉన్నాయి. వాటిని తీసే ధైర్యం ఎవరికీ రాలేదు.

* * *

రెజిమెంటల్ బజార్‌లో వడ్రంగి బ్రహ్మచారి దుకాణం జకర్యా కాలం నుంచీ ఉన్నదే. డెబ్బై దాటినా ఆయన చేతికి వణుకు లేదు. కర్ర రాకెట్ల రోజుల్లో చెక్క పగిలినా, పిడి ఊడినా ఊరంతా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు.

కాంతమణి లోపలికి వస్తూనే గోడకు ఆనించిన కొత్త బోర్డు చూసింది. 'మార్కర్ జకర్యా గట్టింగ్ గది'. అక్షరాలు చెక్కడం అయిపోయింది, రంగు ఇంకా తడిగా ఉంది. తండ్రి పేరు అంత పెద్ద అక్షరాల్లో ఆమె ఎన్నడూ చూడలేదు. సమాధి రాయి మీద కూడా చిన్నగానే ఉంటుంది. ఆమె దాని మీంచి చూపు మళ్ళించి, చెయ్యి చాపింది.

"చారన్నా, ఆ రాకెట్ ఇయ్యి. అది యాప్రాల్ పోవద్దు. నా సిగ్గును అద్దాల పెట్టి సూపిస్తరట."

బ్రహ్మచారి వాదించలేదు. గుడ్డలో చుట్టిన రాకెట్ తీసి ఇస్తూ, పాలిష్ బాగా పట్టిందనీ, తాను వేసిన అతుకు ఇన్నేళ్ళయినా వెంట్రుకంత కూడా విచ్చలేదనీ మురిపెంగా చెప్పాడు.

"ఏం అతుకు?"

"గిదే చెల్లె. మెడ కాడ." ఆయన గోటితో గీత చూపించాడు. "ఆట ముందు దినం, శనివారం పొద్దుమీకి తెచ్చిండు రాజు. ప్రాక్టీస్‌ల కోపమొచ్చి నేలకేసి కొట్టిండట. చెక్క విచ్చుకపోయింది. నాయినకు చెప్పొద్దని బతిమాలిండు. సరేసు జిగురు పెట్టి రాత్రంత శికంజాల నొక్కిపెట్టి బిగించిన."

కాంతమణి ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. ఆ తరువాత ఆమె అడిగిన మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"గట్ ఉంచే బిగించినవా?"

"అట్ల ఎట్లయితది? గట్ గుంజుతుంటే చెక్క అతుక్కుంటదా? నీ గట్ మొత్తం కోసి తీసేసిన. తెల్లారి ఉత్త చెక్క ఇచ్చిన రాజుకు." ఆయన ఆమె ముఖం చూసి ఆగాడు. "పొద్దుగాల మళ్ళ నువ్వే వేసినవనుకున్న. కాదా?"

కాదు. శనివారం పొద్దునే నాలుగు రాకెట్లకు గట్ బిగించి ఇచ్చి, ఆమె ఆడబిడ్డ పెళ్ళికని కాజీపేట వెళ్ళింది. ఆదివారం ప్యాసింజరు దిగి తిన్నగా మైదానానికే పోయింది. చివరి సెట్టు చూసింది. ఠప్పుమన్న చప్పుడు విన్నది. అది తన గట్టే అనుకుంది. ఇరవై మూడేళ్ళుగా అనుకుంటూనే ఉంది. ఆ రాకెట్ జకర్యా పెట్టెలో ఉన్నన్నాళ్ళూ, తరువాత జీవరాజు బీరువాలోకి మారాక కూడా, దాని వైపు తిరిగి చూడలేదు. చూస్తే అన్నం సహించేది కాదు.

ఇప్పుడు గుడ్డ విప్పింది. కళ్ళజోడు పెట్టుకుంది. వాకిట్లోకి, వెలుగులోకి తెచ్చి పట్టుకుంది.

గట్ అల్లిక జల్లెడ అల్లినట్టు ఉండాలి. అడ్డ తీగ ఒక నిలువు మీదుగా పోతే పక్క నిలువు కిందుగా పోవాలి, మళ్ళీ మీదుగా, మళ్ళీ కిందుగా. పైనుంచి ఏడో అడ్డ తీగ ఒకచోట రెండు నిలువుల మీదుగా వరసగా పోయింది. నడుమ కిందికి దూరడం మరిచిపోయింది. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు. లేదంటే చూపు ఆనని వాళ్ళు చేసే తప్పు. ప్రతి దెబ్బకూ ఆ తీగ ఒరుసుకుంటూ పోయి, సరిగ్గా అక్కడే తెగింది.

ఆమె వేలు అంచు వెంట జరిగి, చివరి ముడి దగ్గర ఆగింది.

కుడిచేతి మనిషి వేసిన ముడి కుడికి తిరుగుతుంది. ఇది ఎడమకు తిరిగి ఉంది. ఈ ముడిని ఆమె ఎనిమిదేళ్ళ వయసు నుంచి చూసింది. దీన్ని చూసే నేర్చుకుంది, అద్దంలో చూసి తిప్పుకున్నట్టు కుడికి తిప్పుకుని. సికింద్రాబాద్ మొత్తానికి ఎడమచేత్తో గట్ వేసిన మనిషి ఒక్కడే.

"ఏమైంది చెల్లె?" అన్నాడు బ్రహ్మచారి.

"ఏం కాలే అన్నా."

వెళ్తూ వెళ్తూ ఆమె బోర్డు వైపు చూడలేదు.

* * *

ఇంటికి వచ్చేసరికి జీవరాజు అద్దం ముందు కొత్త కోటు తొడుక్కుని చూసుకుంటున్నాడు. ప్రేమమణి వెనక నిలబడి భుజాలు సవరిస్తోంది. కాంతమణి గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. రాకెట్‌ను మంచం మీద పెట్టింది. అరవలేదు. పొద్దున అరిచిన గొంతు ఎక్కడికి పోయిందో, ప్రేమమణికి అది లేకపోవడానికే భయం వేసింది.

"నాయిన కండ్లు ఎప్పటి సంది పోయినయి తమ్మీ?"

అద్దంలో జీవరాజు ముఖం ఆగిపోయింది. కోటు గుండీ పట్టుకున్న వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

అతను గుండీ వదిలి, మంచం అంచున కూర్చుని చెప్పాడు. చెక్క అతికి వచ్చేసరికి తెల్లవారింది. నువ్వు ఊళ్ళో లేవు. ఆ రాకెట్ తప్ప వేరేది చేతికి ఇమడదు. నాయిన లేచి, ఏమీ అడగకుండానే ఉత్త చెక్క చేతిలోంచి తీసుకున్నాడు. కిటికీ దగ్గర కూర్చుని వేశాడు. వేళ్ళతో తడుముతూ వేశాడు. అప్పుడే తెలిసింది, కళ్ళకు పొరలు వచ్చి రెండేళ్ళయిందని. చూపు లేని మార్కర్‌ను క్లబ్బు వాళ్ళు ఒక్క రోజు కూడా ఉంచరు. అందుకని ఎవరికీ చెప్పలేదు. నువ్వు క్లబ్బు పనికి సాయం చేస్తుండేదానివి కాబట్టి నెట్టుకొచ్చాడు.

"పేపరోళ్ళు అడిగిండ్రు అక్కా. నాయిన అక్కడనే నిలబడ్డడు, నా పక్కకు. క్లబ్బు సెక్రటరీ సుత ఉన్నడు. ఏం చెయ్యాలె? నోట్లకు నీ పేరు వచ్చింది."

"నోట్లకు వచ్చింది."

"నీకు పోయే నౌకరీ లేదు గదా అనుకున్న."

ప్రేమమణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఈ సంగతి ఆమెకూ ఇప్పుడే తెలుస్తోంది.

కాంతమణి కిటికీ వైపు తిరిగింది. ఆమెకు ఒక పొద్దున గుర్తొచ్చింది. ఆట మరునాడు, సోమవారం. గట్ వేయడానికి రంధ్రాలు సవరించే ఆరను జకర్యా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. చేత్తో పట్టుకుని పట్టుకుని పిడి నల్లగా మెరిసే ఆర. "ఇగ నేను వెయ్య బిడ్డా. నువ్వే వెయ్యి," అన్నాడు. తన గట్ తెగి తమ్ముడు ఓడినా తండ్రి తనను నమ్మాడు కదా అని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఆరను దేవుడిచ్చిన దీవెనలాగా దాచుకుంది.

"నువ్వు నా పేరు చెప్పినవని నాయినకు ఎరుకనా?"

"పేపరు చదివి వినిపించింది నేనే."

"ఏమన్నడు?"

"ఏమనలే. ఆ దినం అన్నం తినలే."

"ఆ ఒక్క దినమేనా?"

జకర్యా ఆ తరువాత పదేళ్ళు బతికాడు. ఎన్ని క్రిస్మస్ భోజనాలకు, ఎన్ని పెళ్ళిళ్ళలో జీవరాజు ఆ కథ చెప్పాడో, జకర్యా అదే వరసలో కూర్చుని విన్నాడు. నవ్వలేదు. కాదనీ అనలేదు. కాంతమణి వడ్డిస్తూ తిరుగుతూ, నాయిన నవ్వడం లేదు, నా మీద ఎంత ప్రేమ, అనుకునేది.

"సరే," అంది ఆమె. "పదేండ్లు నాయిన కోసం చెప్పినవు. మట్టి చేసి పదమూడేండ్లయింది. ఈ పదమూడేండ్లు ఎవరి కోసం చెప్పినవు?"

"అప్పటికి జనానికి అలవాటైంది అక్కా."

"జనానికి కాదు. నీకు."

అతను కాదనలేదు. కాదంటాడేమోనని ఆమె చూసింది. అదొక్కటి అని ఉంటే పోట్లాడటానికైనా ఉండేది.

"రేపు చెప్పు," అంది. "ఏం చెప్తవో, ఎట్ల చెప్తవో నాకు తెల్వది. ఆ గట్ నా చేతులది కాదని మాత్రం చెప్పాలె. ఈ చేతులు ఇంక బతకాలె."

"మరి ఎవరిదని అడుగుతరు. రేపే నాయిన పేరు మీద బోర్డు లేపుతున్నం. ఆ గదికే, గట్టింగ్ గదికే నాయిన పేరు. అదే దినం అదే నోటితోని..." అతను కోటు విప్పి పక్కన పడేశాడు. "నువ్వే చెప్పు, ఎట్ల చెప్పాలె?"

"అది నీ తక్లీఫ్. నా తక్లీఫ్ నేను ఇరవై మూడేండ్లు మోసిన, నువ్వు ఒక్క రాత్రి మొయ్యి."

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఎవరూ గొంతు విప్పి పాడలేదు. మేబెల్ పాట ఎత్తుకుని, తోడు వచ్చేవాళ్ళు లేక మధ్యలో ఆపేసింది.

* * *

యాప్రాల్‌లో షామియానా కింద కుర్చీలు చాలక జనం గోడల మీద కూర్చున్నారు. ఆటోవాళ్ళు వచ్చారు, ఇరానీ హోటలాయన వచ్చాడు, చర్చి వాళ్ళు, బజారు వాళ్ళు, క్లబ్బు ముసలాళ్ళు వచ్చారు. జీవరాజు కారు దిగగానే ఈలలు మొదలయ్యాయి. మళ్ళీ పాతికేళ్ళ కుర్రాడైనట్టు చెయ్యి ఊపాడు.

కాంతమణిని ముందు వరసలోనే కూర్చోబెట్టారు. తెల్ల చీర, ఒళ్ళో చేతిసంచి. సంచిలో ఆర ఉంది. ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు. ఎదురుగా గది తలుపు పైన బోర్డుకు ఎర్రగుడ్డ ముసుగు వేసి ఉంది. దాని తాడు మేబెల్ చేతిలో ఉంది. పక్కన కిటికీలోంచి బొంబాయి మెషిన్ కొత్త ఇనుము మెరుస్తోంది.

జీవరాజు తండ్రి గురించి మాట్లాడాడు. బంతులు ఏరుకొచ్చే ఏడేళ్ళ పిల్లాడికి విరిగిన రాకెట్ కోసి చిన్నది చేసి ఇచ్చిన తండ్రి. చెప్పులు లేని కాళ్ళకు తన బూట్లలో గుడ్డలు కుక్కి తొడిగిన తండ్రి. అబద్ధం ఒక్కటి లేదు అందులో. కాంతమణి కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడే వెనక నుంచి ఎవరో అరిచారు. గట్ అక్క కథ చెప్పు సార్. ఇంకొకరు అందుకున్నారు. చప్పట్లు తాళం పట్టాయి. గట్ అక్క, గట్ అక్క.

జీవరాజు అక్క వైపు చూశాడు. కాంతమణి చూపు తిప్పలేదు. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. రాత్రంతా అతని గదిలో మంచం కిర్రుమంటూనే ఉంది, ఆమె విన్నది. ఏదో ఒక దారి వెతికే ఉంటాడు అనుకుంది.

అతని ముఖంలో ఆ పాత నవ్వు మెల్లగా పైకి వచ్చింది.

"ఇయ్యాల ఆ కథ నేను చెప్ప," అన్నాడు మైకులో. "ఆ గట్ అక్క ఈడనే ఉన్నది. ఆమె నోటితోనే వినుండ్రి."

మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కాంతమణికి కాళ్ళ కింది నుంచి కోపం పైకి పాకింది. మోయమన్న బరువును ఒక్క రాత్రి కూడా మోయలేక, నవ్వుతూ తెచ్చి తన చేతిలోనే పెట్టాడు. తండ్రి పేరు బయటపెడితే ఆయన పరువు తీసినదానివి నువ్వే, దాస్తే మునిగినదానివీ నువ్వే అన్నట్టు. ఆమె లేచింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"ఆ గట్ నేను వెయ్యలే," అంది.

కొందరు నవ్వడం మొదలుపెట్టారు, కథ కొత్తగా మొదలైందనుకుని. ఆమె ముఖం చూసి ఆపేశారు.

"ఆ దినం నేను ఊళ్ళెనే లేను. మొన్న మీరు కోయించిన పన్నెండు రాకెట్లకు వేసింది నేను. అవి తెచ్చి మీటి చూడుండ్రి, ఒక్కటి సుతి తప్పితే ఈ చేతులు నరుక్కుంటా. ఇరవై మూడేండ్ల కింద తెగింది నాది కాదు."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ముందు వరసలో ఒకాయన, శుక్రవారం కమిటీని నిలదీసిన పెద్దమనిషే, ముందుకు వంగి అడిగాడు.

"మరి ఎవరేసిండ్రమ్మా?"

కాంతమణి ఎర్రగుడ్డ ముసుగు వైపు చూసింది. సంచిలో ఆర పిడి చేతికి తగిలింది. నల్లగా, నున్నగా, తండ్రి అరచేతి ఆకారంలో అరిగిన పిడి. పేరు నాలుక చివరి దాకా వచ్చింది.

ఆమె రెండడుగులు వేసి, మైకును తమ్ముడి చేతిలో మళ్ళీ పెట్టి, అతని వేళ్ళను దాని చుట్టూ తనే మూసింది.

"షురూ చేసింది నువ్వు," అంది, మైకులో కాదు, అతనికి మాత్రమే. "నువ్వే చెప్పు."

వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ఆరొందల మంది జీవరాజు నోటి వైపు చూస్తున్నారు. అతను నోరు తెరిచాడు, మూశాడు. ఎందరి ముందో ఎన్నిసార్లో తడబడకుండా పలికిన నోరది. తాడు పట్టుకున్న మేబెల్, లాగాలో వద్దో తెలియక, తండ్రినీ అత్తనూ మార్చి మార్చి చూస్తోంది. గాలికి ముసుగు కింది అంచు నడుమ ఎగిరింది. జకర్యా పేరులో మొదటి అక్షరం ఒక్కటి బయటపడింది.